నవలల్లో దొరకని చిన్నకోడలు

నాకు పుస్తకాల్లోని మనుషులతో చాలా తగాదాలున్నాయి. కొందరితో అయితే మాటలే లేవు. పెళ్లిలోనో చావులోనో గిట్టని చుట్టం ఎదురైతే పక్కకు తప్పుకొని పోవచ్చు. నవలలో గిట్టని మనిషి ఎదురైతే ఎక్కడికని పోతాం? ఆవిడ తర్వాతి పేజీలోనూ ఉంటుంది. పుస్తకం మూసి అన్నానికి కూర్చుంటే అక్కడికీ వస్తుంది. నా భర్త ఇది చూసి నవ్వుతాడు. "ఎవ్వలనే తిట్టుకుంట తింటున్నవ్? గామె లేనే లేదు గదా" అంటాడు. ఆయన మాత్రం సినిమాలో తమ్ముడు అన్నకు ఎదురు చెప్పే సీను రాగానే రిమోట్ వెతుక్కుంటాడు. ఆ తమ్ముడు మాత్రం ఎక్కడున్నాడట?

నా అసలు తగాదా చిన్నకోడలితో. నిజానికి ఆమెతో కాదు, ఆమెను అట్లా రాసినవాళ్లతో. మన నవలల్లో, సినిమాల్లో చిన్నకోడలు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. పట్నంలో చదువుకొని వస్తుంది. భుజానికి బ్యాగు, నోట్లో దురుసు మాట. వచ్చిన కొత్తలోనే వేరు వంట అంటుంది. పెద్దకోడలేమో తెల్లారకముందే లేచి, అందరికీ వండిపెట్టి, మిగిలితే తిని, మిగలకపోతే మంచినీళ్లు తాగి పడుకుంటుంది. జ్వరం వచ్చినా ఎవరికీ చెప్పదు. చివర్లో చిన్నకోడలి కళ్లు తెరుచుకుంటాయి, పెద్దకోడలి కాళ్ల మీద పడుతుంది, అందరూ కలిసి నవ్వుతూ నిలబడతారు. ఈ కథను ఎన్ని పేర్లతో చదివానో చెప్పలేను. చదివిన ప్రతిసారీ ఒళ్లు మండేది, ఎందుకంటే నేను మా ఇంటికి చిన్నకోడల్ని.

ఇంకో కారణం కూడా ఉంది. ఏడాదికి పైగా నా నోట్లో ఒక మాట ఆగిపోయి ఉండింది. మేం వేరుపడాలి అన్న మాట. దాన్ని నేను చెప్పాల్సింది అత్తమామలకు కాదు, వాళ్లిద్దరూ ఎప్పుడో పోయారు. బావగారికి కూడా కాదు. ఆయనకు బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. మోటారు మాట్లాడినంత కూడా ఆయన మాట్లాడడు. ఇంట్లో ఏది అడిగినా "మీ అక్కనడుగు" అనేస్తాడు. చెప్పాల్సింది ఆ అక్కకే. అక్క అంటే నా తోడబుట్టినది కాదు, బావగారి భార్య. మా దిక్కు యారాలు అంటారు. ఆ మాట చెప్పాక అక్క నాకు మిగులుతుందా, పోతుందా అన్నదే నా భయం. మెదక్‌లో కిరాయికి ఇల్లు దొరకడం పెద్ద కష్టం కాదు. అక్కలాంటి మనిషి మళ్లీ దొరకదు.

శంకరంపేట దగ్గరి పల్లె నుంచి నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు పెట్టెలో డిగ్రీ సర్టిఫికెట్ ఉంది గానీ చేతికి ఏ పనీ రాదు. మా గల్లీలో ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లు. ఒళ్లో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, వేళ్ల మధ్య తిప్పి, మొన మడిచి దారం కట్టేస్తారు. చూస్తుంటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. నేను చుడితే ఒకటి లావుగా, ఒకటి సన్నగా, ఒకటి నడుం పడిపోయినట్టు వచ్చేది. కార్ఖానాలో వాటిని ఏరి పక్కన పడేసేవాళ్లు. పక్కన పడ్డవన్నీ నావేనని అక్కకు తెలుసు, నాతో మాత్రం ఎప్పుడూ అనలేదు. ఒకరోజు నా ఒళ్లోంచి చాట తీసేసి, గూట్లో ఉన్న నవల తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను పుట్టింటి నుంచి చీరల మధ్య దాచి తెచ్చుకున్న నవల అది.

"గిదైతే నీకొస్తది గదా. మాకు సదివి వినిపియ్యి. నీ వంతు బీడీలు మేం జుడ్తం" అంది.

అట్లా మొదలైంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా వరండాలో నలుగురం కూర్చునేవాళ్లం. అక్క, పక్కింటి ఖాలా, ఎదురింటి అవ్వ, నేను. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, ఆమె భర్త బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసేవాడు. అవ్వకు ఎవరూ లేరు, గల్లీ మొత్తం ఆమెదే. వాళ్ల ముగ్గురి చేతులు ఆడేవి, నా నోరు ఆడేది. సాయంత్రం లేచేటప్పుడు ముగ్గురూ తలా కొన్ని కట్టలు నా చాటలో వేసేవాళ్లు. తర్వాత నేను ఒక స్కూల్లో టీచరుగా చేరాను, బీడీల అవసరం తీరిపోయింది. అయినా ఆదివారాలూ సెలవులూ చదవడం మానలేదు. మానితే వాళ్లు ఊరుకునేవాళ్లు కారు, కథ ఎప్పుడూ సగంలోనే ఉండేది కదా.

చదవడమంటే వాళ్ల లెక్కలో చుట్టాల సంగతులు తేవడమే. నవల మొదలైన రెండో రోజుకే అందులోని మనుషులకు వరసలు కుదిరిపోయేవి. ఒక నవలలో ఒకామె నెలలు నిండి నొప్పులు పడుతోంది. పొద్దు గూకుతోందని నేను పుస్తకం మూయబోయాను. ఖాలా నా చెయ్యి పట్టుకుంది. "అరే, పాపం నొప్పులు వడుతుంటే ఇడిసిపెట్టి పోతమా? కానుపు అయినంక లేద్దాం" అంది. కాన్పు అయ్యేదాకా ఎవరూ లేవలేదు. ఆడపిల్ల పుట్టిందని చదివాక ఖాలా ఇంటికి పోయి కొంచెం చక్కెర తెచ్చి అందరి నోట్లో వేసింది. ఇంకో నవలలో ఇంటి పెద్దాయన పోయాడు. అవ్వ లేచి తన ఇంటికి పోయి తలస్నానం చేసి వచ్చింది. ఇదేమిటవ్వా అంటే, "గిన్ని దినాలు మన నడుమ ఉన్న మనిషి. మనకు మైల ఉండదా?" అంది. నాకు నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు, అవ్వకు వేడిగా చాయ పెట్టి ఇచ్చింది. ఆ రోజు ఆదివారమైనా మా ఇంట్లో కూర కోసం కోడి కొయ్యలేదు.

ఒక్కొక్కరికీ ఒక్కొక్క రకం మనిషి మీద ప్రేమ. ఖాలాకు మాట్లాడని మగవాళ్లంటే ఇష్టం. ఏ నవలలోనైనా ఒక గుమాస్తానో మేష్టారో మనసులో మాట చెప్పుకోలేక నలిగిపోతుంటే, "మా ఆయన గిట్లనే ఉండె" అని ఆ కాసేపు కళ్లు కిందికి దించుకునేది. ఖాలా భర్త పోయి చాలా కాలమైంది. అవ్వకు అత్తలంటే పడదు, వాళ్లు మంచివాళ్లయినా సరే. అక్క మాత్రం ప్రేమల గురించి, పెళ్లిళ్ల గురించి పెద్దగా అడిగేది కాదు. ఎవరైనా ఎండలో నడిచి ఒక ఇంటికి వచ్చారని చదివితే చాలు, "తిన్నదా? ఎవ్వలన్న అన్నం వెట్టిండ్రా?" అని అడిగేది. రాసేవాళ్లు ఆ సంగతి రాయరు. నేనే "తిన్నది అక్కా, పప్పుచారు, అప్పడం" అని కలిపి చెప్పేదాన్ని. అప్పుడు గానీ ఆమె చేతిలో బీడీ ముందుకు సాగేది కాదు.

ఈమధ్య ఫోన్లో కథలు చదివి వినిపించేవి వచ్చాయి. మా అబ్బాయి ఒకటి పెట్టి ఇచ్చాడు. ఖాలా కాసేపు విని, "ఇది అడిగితే చెప్తలేదు బేటీ" అని తిప్పి ఇచ్చేసింది. నిజమే, వాళ్లు వినడం తక్కువ, అడగడం ఎక్కువ. గా పిల్లకు మేనమామ లేడా, గామె మొగడు ఏం పని జేస్తడు, అంత దూరం ఒక్కతే ఎట్ల వోయింది. పుస్తకంలో లేని జవాబులన్నీ నేనే చెప్పాలి. చెప్పీ చెప్పీ నాకు అలవాటైపోయింది.

ఇక వేరుపడడం సంగతి. అక్క నన్ను కష్టపెట్టిందా అంటే, లేదు. చిక్కంతా అక్కడే ఉంది. నా రెండు కాన్పుల్లోనూ దవాఖానాలో నా మంచం పక్కన నేల మీద పడుకున్నది ఆమే. నాకు తలనొప్పి వస్తే నాకంటే ముందు ఆమెకు తెలిసేది. కానీ ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఒక్కపూట కూడా ఈ రోజు ఏం కూర అని నేను అనుకున్నది లేదు. అక్క అనుకునేది. చాలాసార్లు నాకు ఇష్టమైనదే వండేది. అయినా అనుకున్నది ఆమే కదా. ఉప్పు డబ్బా ఏ అరలో ఉండాలో, పిల్లలు ఏ వేళకు పడుకోవాలో, నా చీరల్లో ఏది పాతబడిందో అన్నీ ఆమే చూసుకునేది. నా ఉప్పు డబ్బా నేను పెట్టిన చోట ఉండాలనిపించింది నాకు. ఇంకొకటి చెబితే నవ్వుతారు. ఒక్క నవలైనా పైకి వినిపించకుండా, నోరు మూసుకొని, నా ఒక్కదానికోసం చదువుకోవాలనిపించింది. మా ఇంట్లో రెండే గదులు. నేను పుస్తకం తెరిచిన చప్పుడు ఎట్లా వినిపించేదో గానీ, అక్క చాట పట్టుకొని వచ్చి ఎదురుగా కూర్చునేది.

ఇది కోరకూడని కోరిక కాదని ఇప్పటికీ అంటాను. ఎవరైనా కాదంటే వాళ్లతో కొట్లాడతాను. నా భర్తకు చెప్పాను. ఆయన గూడ్సు ఆటో నడుపుతాడు, బేరాల దగ్గర గట్టివాడే. ఈ మాట వినగానే మెత్తబడిపోయాడు. నా కోరిక తప్పని అనలేదు. "ఏం జెప్పి పోతమే? కొట్లాట గూడ లేదు గదా" అన్నాడు.

అదే మరి. విడిపోవడానికి మాకొక తగాదా లేదు. తగాదా ఉంటే చెప్పడం ఎంత తేలిక! గొంతు పెంచి, నాలుగు మాటలని, పిల్లల చెయ్యి పట్టుకొని బయటికి నడవొచ్చు. కడుపులో పెట్టుకొని చూసుకునే మనిషి ముందు నిలబడి నేను పోతానని ఎట్లా అంటారో నాకెవరూ నేర్పలేదు. అందుకే నవలల్లో వెతికాను. మా ఊరి లైబ్రరీ నుంచి సంసారాల కథలు ఒకటొకటిగా తెచ్చి చదివాను. యారాలిని ప్రేమిస్తూనే వేరుపడిన చిన్నకోడలు ఒక్కతైనా ఉండకపోతుందా అనుకున్నాను. ఒకామె నగల కోసం పోయింది. ఒకామె తల్లి చెప్పుడు మాటలు విని పోయింది. ఒకామె పోలేదు గానీ పాయసంలో ఏదో కలపబోయింది. ఉప్పు డబ్బా కోసం పోయినదాన్ని ఎవరూ రాయలేదు. రాసేవాళ్ల ఇళ్లలో వంటిల్లు ఎవరి చేతిలో ఉంటుందో కనుక్కోవాలనిపించింది నాకు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం టీవీలో పాత సినిమా వచ్చింది. ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. అందులోనూ ఒక చిన్నకోడలు ఉంది. ఆమె నట్టింట్లో అడ్డంగా గోడ కట్టించింది. అక్క ఊరుకోలేకపోయింది. "దీని చేతులిరుగ! పచ్చని సంసారం నడుమ గోడ వెడ్తదా!" అని చేతిలో ఉన్న కత్తెర టీవీ వైపు ఊపింది. బావగారు తల ఊపాడు. నా భర్త రిమోట్ కోసం తడిమాడు, అది నా కింద ఉంది. నేను ఇవ్వలేదు. తెర మీది మనిషికి మెడ నిండా నగలు, మొహం నిండా పౌడరు. ఆమెకూ నాకూ ఎక్కడా పోలిక లేదు. అయినా ఆ తిట్టు వచ్చి నా మీదే పడింది. చివర్లో ఆమె ఏడ్చి కాళ్ల మీద పడ్డప్పుడు అక్క కళ్లు తుడుచుకొని, "ఇగ మంచిగైంది పిల్ల" అంది. నేను లేచి వెళ్లి గిన్నెలు తోమాను. అవి అంతకుముందే తోమి బోర్లించిన గిన్నెలు.

ఆ రోజు గిన్నెలు తోముతూ ఒకటి అర్థం చేసుకున్నాను. అక్క తిట్టినది నన్ను కాదు, ఆమెకు నా మనసులో ఉన్నది తెలియదు. తెలిస్తే తిట్టేది నన్నేనా అన్నదే తెలియడం లేదు. ఆమెకు కూడా వేరుపడిన కోడలు అంటే ఆ సినిమాల్లో కోడలే తెలుసు, ఇంకొకరు తెలియదు. ఆమె అక్షరాలు నేర్చుకోలేదు. ఆమెకు తెలిసిన చిన్నకోడళ్లందర్నీ సగం టీవీ చూపించింది, సగం నేనే చదివి వినిపించాను. నా గొంతుతో నేనే ఆమెకు నా మీద చాడీలు చెప్పుకున్నట్టయింది. ఆ రాతలకు నేనెందుకు గొంతు ఇవ్వాలి అని కోపం వచ్చింది.

వానలు మొదలయ్యాక కొత్త నవల తెచ్చాను. అందులోనూ ఇద్దరు కోడళ్లు. మొదటి రోజే అవ్వ తేల్చేసింది, "ఇది కొంప గూలుస్తది, సూడుండ్రి" అని. ఒక ఆదివారం మధ్యాహ్నం, వరండా రేకుల మీద వాన పడుతుంటే, చిన్నకోడలు వేరు కాపురం మాట ఎత్తే చోటికి వచ్చాం. పుస్తకంలో ఆమె ఈ ఇంట్లో నా బతుకు నాశనమైందని అరిచి, తలుపు ధడాలున వేసుకుంది. నాకు తిక్క లేచింది. తలుపు ఎందుకు వేసుకోవాలి? నేను ఆమెతో తలుపు వేయించలేదు. తీసుకెళ్లి పెద్దకోడలి పక్కన కూర్చోబెట్టాను. అక్కా, నీ మీద నాకు కోపం లేదు అనిపించాను. నువ్వు నన్ను సొంత చెల్లెలి కంటే ఎక్కువ చూసుకున్నావు, కానీ నాకంటూ ఒక పొయ్యి కావాలని ఉంది, ఏ పూట ఏం వండాలో నేను అనుకోవాలని ఉంది, కాసేపు ఒక్కదాన్నే కూర్చోవాలని ఉంది అనిపించాను. మాట మాటకూ నా గొంతు సన్నబడిపోతోంది.

ముందు ఖాలా చేతులు ఆగాయి, తర్వాత అవ్వ చేతులు ఆగాయి. అక్క మాత్రం చుడుతూనే ఉంది. తలెత్తకుండా అడిగింది.

"చెల్లె, పుస్తకం దిక్కు సూస్తలేవేంది?"

నిజంగానే నేను వాన వైపు చూస్తున్నాను. పుస్తకం ఎప్పుడు మూశానో, అది నా ఒళ్లో మూసి ఉంది. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచేలోపల ఆమే అందుకుంది.

"సరే. గామెకు ఇల్లు ఏడ గావాల్నట?"

ఖాలా అక్క మొహం చూసింది, నా మొహం చూసింది, తల దించుకొని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఆమెకు అర్థమైపోయింది. అవ్వకు మాత్రం ఇంకా నవలే నడుస్తోంది. నేను పుస్తకం తెరిచాను, ఏ పేజీ అన్నది చూసుకోలేదు.

"దూరం గాదంట అక్కా. రోడ్డు దాటితె వస్తదంట. స్కూలు దగ్గర" అన్నాను.

"గామెకు స్కూలెక్కడిదే? పని జెయ్యదు గదా" అంది అవ్వ.

"ఈ మధ్యనే చేరింది అవ్వా."

అక్క చేతిలో బీడీకి దారం చుట్టి తెంపింది. "పెద్దకోడలు ఏం జేసిందట గామెను? తిట్టిందా? తిండి వెట్టలేదా?"

"ఏం జెయ్యలేదు. మంచిగనే సూసింది. గందుకే చెప్పనీకె నోరొస్తలేదు."

"ఎన్నొద్దుల సంది?"

"ఏడాది సంది."

అప్పుడు ఆగాయి అక్క చేతులు. "ఏడాది సంది మనసుల వెట్టుకొని, దినాం గామె పక్కన కూసోనే తిన్నదా?" అంది.

నేను ఒక పేజీ తిప్పాను. వాన చప్పుడు కాస్త ఎక్కువైంది. ఖాలా గొంతు సవరించుకొని, "భయమైంది కావచ్చు. పోతనంటె అక్క మల్ల మాట్లాడదేమోనని పరేశాన్ అయింది కావచ్చు, పాపం" అంది. ఆ పాపం అన్నది ఎవరిని చూసి అన్నదో నాకు తెలుసు. ఇప్పటికీ ఖాలా అంటే నాకు ప్రాణం.

"గవన్ని ఎందుకు? పెద్దకోడలు ఏమన్నదో గది సదువు ముందుగాల" అంది అవ్వ విసుగ్గా.

"గది రాయలేదు అవ్వా" అన్నాను.

"రాయకపోతె నేను జెప్త" అంది అక్క. చాట పక్కన పెట్టి, ఒళ్లో పడ్డ తంబాకు దులుపుకుంది. "పొమ్మంటది. ఎందుకనదు? కతలల్ల పెద్దకోడండ్లు మంచోళ్లే ఉంటరు గదా. పొమ్మంటది, కొత్త పొయ్యి గూడ తనే కొనిస్తది, నవ్వుకుంట సాగదోల్తది. గంతే."

"గట్లుండాలె" అని అవ్వ తృప్తిగా తల ఊపింది. నేను పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుపు వచ్చింది, సంతోషం కూడా వచ్చింది. ఏడాదిగా నోట్లో ఉన్న మాట బయటికి వచ్చింది, ఇల్లు కూలలేదు, ఎవరూ ఎవరినీ తిట్టలేదు. సాయంత్రం నా భర్తకు చెబితే నమ్మలేదు. "వదినె నిజంగనే పొమ్మన్నదా?" అని రెండు మూడు సార్లు అడిగాడు. అన్నది అని చెప్పాను. నేను అట్లాగే నమ్మాను.

అక్క అన్నమాట తప్పలేదు. బావగారికి ఆమే చెప్పింది. పిల్లలు పెద్దగైతుండ్రు, రెండు అర్రలు సాల్తలేవు అని గల్లీలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆమే చెప్పింది. నా మీద ఒక్క మాట పడనివ్వలేదు. నాతో వచ్చి ఇల్లు చూసి, వంటింటి కిటికీ పెద్దగా ఉందని మెచ్చుకుంది. బజారుకు తీసుకెళ్లి స్టవ్వు కొనిచ్చింది. వద్దంటే వినలేదు.

కానీ ఆ రోజు నుంచి ఆమె నన్ను తిట్టడం మానేసింది. అంతకుముందు రోజుకొకసారైనా తిట్టేది. నీళ్లు ఒలికిస్తే, తడి జుట్టుతో పడుకుంటే, పిల్లల్ని కొడితే, "నీకు అక్కెల్లేదే" అని, బుద్ధి లేదని తిట్టేది. ఇప్పుడు అన్నిటికీ నవ్వు. పొద్దున్నే లేచి నాకు ఇష్టమైనవి వండి, నవ్వుతూ వడ్డించి, తను తర్వాత తింటానని నవ్వుతూ తప్పుకునేది. చాట పట్టుకొని నా ఎదురుగా కూర్చోవడం లేదు. అవ్వ నవల మిగతాది చదవమంటే, తలనొప్పిగా ఉందని ఆమే లోపలికి పోయేది. పుస్తకాల్లో ఉండే పెద్దకోడలు మా ఇంట్లో తిరుగుతున్నట్టుంది. నాకు ఆ పెద్దకోడలి మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. అంత నవ్వే మనిషి లోపల ఏముందో ఏ నవలా చెప్పదు. నేను అడగలేకపోయాను. ఏమని అడగను? ఆమె అన్నీ సక్రమంగానే చేస్తోంది.

పోయే రోజు పొద్దున నా భర్త తన ఆటోనే గల్లీలోకి తెచ్చి పెట్టాడు. మంచం, డబ్బాలు, పిల్లల పుస్తకాల సంచి, నా నవలల మూట ఎక్కించారు. బావగారు తనే తాడు కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు. ఖాలా పిల్లల జేబుల్లో ఖర్జూరాలు పెట్టింది. అవ్వ నా తల నిమిరి, అక్క ఏదని అడిగింది. కొత్తింట్లో పాలు పొంగించడానికి అక్కే రావాలి, ఇంటికి పెద్దది ఆమే కదా. ఆమె కోసం వెతుకుతూ లోపలికి పోయాను. వంటింట్లో అటు తిరిగి నిలబడి ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు, చేతిలో మాత్రం గరిటె ఉంది.

"అక్కా, అందరు బయట నిలవడ్డరు. పాలు నువ్వే పొంగియ్యాలె."

"వస్త తియ్యి. మీరు నడువుండ్రి."

"గట్లంటె ఎట్ల? పొమ్మన్నది నువ్వే గదా అక్కా."

ఆమె ఇటు తిరిగింది. మొహంలో నవ్వు లేదు. ఇన్ని రోజుల తర్వాత నేను ఎరిగిన మొహం కనపడింది.

"నేనెప్పుడన్న? గా కతల పెద్దకోడలు అన్నది. నన్నెవ్వలడిగిండ్రు? నువ్వడిగినవా?"

నేను గడప మీద కూలబడ్డాను. నేను ఎవరినీ అడగలేదు. పుస్తకంలో ఒకామె ఇంకొకామెను అడిగింది, ఇంకొకామె సరేనన్నది. మేమిద్దరం పక్కన కూర్చొని విన్నాం, అంతే.

"ఇప్పుడు అడుగుతున్న అక్కా. నాకు వేరే ఇల్లు గావాలె. నీ మీద కోపం లేదు, ఎప్పుడు లేదు. గని నాకు గావాలె. పోనా?" అన్నాను. చదివేటప్పుడు వచ్చే గొంతు కాదది. బొంగురుగా, నాకే కొత్తగా వినిపించింది.

"వద్దు" అంది అక్క.

బయట నా భర్త హారన్ కొట్టాడు.

"వద్దు. పోకు. నువ్వు వోతె గీ ఇంట్ల నాతోని మాట్లాడెటోళ్లు ఎవ్వలున్నరు? మీ బావనా? నాకు కోపమొస్తుంది. ఏడాది సంది నాకు చెప్పకుంట దాసినవ్, గందుకు ఇంక కోపమొస్తుంది. మంచిదాని లెక్క నవ్వి నవ్వి దవడలు గుంజుతున్నయ్." గరిటె గట్టు మీద పడేసింది. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "ఒక్కపారన్న వద్దనాలె అనుకున్న. అన్న. ఇగ అయిపోయింది. లే, నడువు. పాలు నేను తీస్కొస్తున్న."

నేను లేవలేదు. ఆమే నా చెయ్యి పట్టుకొని లేపింది, గట్టిగా, నొప్పి పుట్టేటట్టు.